వంతెన కింద బంతి

హైదరాబాద్ పాతబస్తీలో దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో బంతి కూర్చుంటుంది. కూర్చునేవాళ్లలో ముష్టి ఎత్తేవాళ్లు, కూలి దొరకనివాళ్లు, ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియనివాళ్లు ఉంటారు. పళ్లెంలో అన్నం, దాని మీద వేడి పప్పు. అంతే. విందు భోజనాల గురించి రాసేవాళ్లకు ఇందులో రాయడానికేమీ దొరకదు. నాకు మాత్రం ఈ పళ్లెంలో ఉన్నంత పనితనం చాలా విందుల్లో కనబడలేదు.

2012లో మొదలైన బంతి ఇది. నడిపేది అజహర్ మక్సూసీ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పనితో బతికిన మనిషి. 4 ఏళ్లకే తండ్రిని పోగొట్టుకుని, పూట గడవడమే కష్టమైన ఇంట్లో పెరిగారు. ఆ వంతెన దగ్గర ఆకలికి ఏడుస్తున్న ఒక స్త్రీ కనబడితే తన అన్నం ఆమెకిచ్చేశారు. తర్వాత ఇంట్లో భార్య ఓ 15 మందికి వండితే, ఆయన తెచ్చి పెట్టేవారు. తినేవాళ్లు పెరిగాక వంటనే వంతెన కిందికి మార్చారు. మోత ఖర్చు కలిసొస్తుందని చేసిన మార్పు అది. కొన్నేళ్లకు ఆ ఒక్క చోటే రోజుకు 150 మంది దాకా తినసాగారు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి దగ్గరా వడ్డన మొదలైంది.

పొయ్యి తినేవాడి దగ్గరికి రావడం వల్ల జరిగిన మేలు ఖర్చుతో ఆగలేదు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇల్లున్నవాళ్లకు కడుపు చెడితే మరుగుదొడ్డి ఉంటుంది, మంచం ఉంటుంది, మజ్జిగ కలిపిచ్చే మనిషి ఉంటుంది. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకు విరేచనాలు పట్టుకుంటే ఎక్కడికి పోతారు? పొద్దున కట్టిన పొట్లం సాయంత్రం పంచే దాతలు ఈ సంగతి తలుచుకోవాలి. పొయ్యి మీది నుంచి పళ్లెంలోకి నాలుగడుగుల దూరమే ఉండటం ఈ బంతిలో తినేవాళ్లకు పెద్ద రక్ష.

ఇక పప్పు. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంది. పప్పులో కొరవడే మెథియోనిన్ బియ్యం ఇస్తుంది. పండ్లు ఊడిన ముసలివాళ్లూ మెత్తగా కలుపుకుని మింగగలరు. హిందువు, ముసల్మాను, మాంసం ముట్టనివాడు, ఎవరైనా సంకోచం లేకుండా తినగలిగిన కూడు. ఆకలికి మతం లేదని చెప్పే మనిషి వండాల్సిన వంట ఇదే. లోటు లేదని అనను. వారానికి రెండు రోజులు అదే పప్పులో తోటకూర పడితే, వీలైనచోట గుడ్డు పెడితే, రోజూ ఇక్కడే తినేవాళ్ల ఒంటికి ఇంకా మంచిది.

బియ్యం బస్తా ఇస్తే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. పొయ్యి లేనివాళ్లు, గిన్నె దాచుకునే చోటు లేనివాళ్లు బియ్యంతో ఏం చేస్తారు? రేషన్ కార్డుకు చిరునామా కావాలి. 2011 జనగణన దేశంలో ఇల్లు లేనివాళ్లను 17 లక్షల పైచిలుకుగా లెక్కగట్టింది. వాళ్లలో చాలామందికి కాగితం లేదు. 2014లో హైదరాబాద్ నగరపాలక సంస్థ మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం మంచి పనే. కానీ ఆ 5 రూపాయలైనా చేతిలో లేని రోజు ఒకటుంటుంది.

కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు ఏ వేళ వచ్చినవారికైనా వండి పెట్టారని మన పెద్దల మాట. ఈ బంతికి వేళ ఉంది, రోజూ ఒకటే వేళ, ఒకటే చోటు. నేను అన్నిటికన్నా మెచ్చేది దీన్నే. రేపు మధ్యాహ్నం ఇక్కడ అన్నం ఉంటుందని తెలిస్తే మనిషి పొద్దున కూలి అడ్డాకు పోగలడు, ఆసుపత్రి వరుసలో నిలబడగలడు. తిండి వెతుక్కోవడంలోనే పగలంతా అయిపోదు.

అందుకే ఒక్క మనవి. మీ ఊళ్లో ఇలాంటి బంతి ఎవరైనా నడుపుతుంటే, పండగ రోజున, పుట్టినరోజున లడ్డూలు పట్టుకుని వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. మీరు మాత్రం ఏ విశేషమూ లేని ఒక మంగళవారం నాటి కందిపప్పుకు డబ్బు కట్టి రండి.