గాటు చిన్నదైతే చాలా?

పోయిన ఏడాది మా అక్క కూతురు రెండు పేజీల వ్యాసం పంపి, “చిన్నమ్మా, ఇంగ్లీషు కొంచెం సరిచేసి పెట్టవా” అని అడిగింది. తను గైనకాలజిస్టు. పీజీ పూర్తయి మూడేళ్ళయింది. ల్యాప్రోస్కోపీ ఫెలోషిప్‌కి దరఖాస్తుతో పాటు పంపాల్సిన వ్యాసం అది.

ముప్పై ఏళ్ళు సాహిత్యం పాఠాలు చెప్పినదాన్ని. వాక్యం కనబడగానే అందులో కర్త ఎవరు, కర్మ ఎవరు అని వెతకడం నాకు అలవాటు. ఆ రెండు పేజీల్లో కర్త డాక్టరు, కర్మ గర్భాశయం. ఇన్ని కేసులు చూశాను, ఇన్నింటిలో సహాయం చేశాను, ఇన్ని సొంతంగా చేశాను అని లెక్క ఉంది. ఆ గర్భాశయాలు ఏ స్త్రీలవో వాళ్ళు మాత్రం ఎక్కడా లేరు.

ఆ విద్య పేరే నన్ను ముందు ఆపింది. ‘మినిమల్లీ ఇన్వేసివ్’ అంటున్నారు. ఇన్వేషన్ అంటే దండయాత్ర. అంటే ఇది వీలైనంత తక్కువ దండయాత్ర అన్నమాట. తక్కువో ఎక్కువో కొలిచేది ఎవరు? పొట్ట మీద మిగిలిన మచ్చని బట్టి కొలవాలా, లోపల పోయినదాన్ని బట్టి కొలవాలా?

ఈ విద్యను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, సెంటీమీటరుకి అటూ ఇటూగా ఉండే మూడు నాలుగు రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి ఆపరేషన్ చేస్తారు. రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, త్వరగా ఇంటికి వెళ్ళొచ్చు. రెక్కాడితేగాని డొక్కాడని మనిషికి అది చిన్న విషయం కాదు. 1980లో జర్మనీలో కుర్ట్ సెమ్ అనే గైనకాలజిస్టు ఈ పద్ధతిలో అపెండిక్స్ తీస్తే తోటి సర్జన్లు ఎగతాళి చేశారు. 1988లో అమెరికాలో హ్యారీ రీచ్ ల్యాప్రోస్కోపీతో గర్భసంచి తీశాడు. 2001లో అక్కడ దీనికోసం ప్రత్యేక ఫెలోషిప్ మొదలైంది. నాలుగేళ్ళ రెసిడెన్సీలో కాన్పులూ సిజేరియన్లూ పోగా ఈ విద్యలో చేయి తిరిగేంత సమయం దొరకదు మరి. మన దగ్గర కొద్ది రోజుల కోర్సుల నుంచి ఏడాది ఫెలోషిప్‌ల దాకా రకరకాలుగా ఉన్నాయి.

ఆ వ్యాసం చదువుతుంటే మెదక్ వైపు పల్లెలో ఉండే మా వదిన గుర్తొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళకే తెల్లబట్ట అవుతోందని పోతే, “పుండైంది, తీయకపోతే క్యాన్సరైతది” అన్నారట. వారంలో గర్భసంచి పోయింది. ఒంట్లోంచి ఆవిర్లు, కీళ్ళ నొప్పులు, నిద్రలేని రాత్రులు వచ్చాయి. అండాశయాలు కూడా తీసేశారని పదేళ్ళ తర్వాత స్కానింగ్‌లో తెలిసింది. “నన్నడగనేలేదు” అంది వదిన. ఆమెది పెద్ద గాటు. అదే పని చిన్న రంధ్రాలతో చేసుంటే ఆ మాట మారేదా?

ఇది వదిన ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు మూడు శాతం పైచిలుకు. తెలంగాణలో ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం. మరోవైపు, పేద స్త్రీ దాకా ఉచితంగా చేరిన ల్యాప్రోస్కోపు ముఖ్యంగా కుటుంబ నియంత్రణ శిబిరాల్లోది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. అక్కడా గాటు చిన్నదే.

ఇదంతా రాసి పంపాను. అమ్మాయి ఫోన్ చేసింది. కోపంగానే ఉంది.

“చిన్నమ్మా, గర్భసంచి మొత్తం తీసేయడం సులువు. గడ్డ ఒక్కటే తీసి, లోపల పొరలు పొరలుగా కుట్టి, సంచిని నిలబెట్టడం కష్టం. ఎండోమెట్రియోసిస్‌ని పేగు మీంచీ మూత్రనాళం మీంచీ ఒలిచి తీయడం ఇంకా కష్టం. అవి రానివాళ్ళే ‘తీసేద్దాం’ అంటారు. నేను నేర్చుకోవాలనుకునేది అదే. నా చేతికి ఆ పనిముట్ల పిడి కూడా సరిపోదు, మగవాళ్ళ చేతుల కొలతకి చేసినవి. అయినా నేర్చుకుంటా.”

నా విమర్శలో లోపం నాకప్పుడు తెలిసింది. నైపుణ్యాన్నే అనుమానించాను. శరీరాన్ని కాపాడటానికీ నైపుణ్యం కావాలని మర్చిపోయాను. ఈ రంగం తన తప్పుల్ని తాను కొలుచుకున్న సందర్భాలూ ఉన్నాయి. గడ్డల్ని లోపలే ముక్కలు చేసే మార్సిలేటర్ యంత్రం, దాగివున్న క్యాన్సర్‌ని పొట్టంతా చల్లగలదని 2014లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో చేసే పెద్ద ఆపరేషన్ విషయంలో చిన్న రంధ్రాల పద్ధతికంటే పొట్ట తెరిచి చేయడమే ప్రాణాలు ఎక్కువ నిలుపుతుందని 2018లో ఒక అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. మచ్చ చిన్నదైనంత మాత్రాన మేలు పెద్దది కాదని వాళ్ళకీ తెలుసు.

అయినా నా ప్రశ్న సగం మిగిలే ఉంది. ఈ నైపుణ్యం నేర్చినవాళ్ళు ఎక్కడికి వెళ్తారు? వదిన లాంటివాళ్ళు నడిచి వెళ్ళగలిగే జిల్లా ఆసుపత్రిలో సంచిని నిలబెట్టే చేతులు ఉంటాయా?

వారం తర్వాత వ్యాసం తిరిగొచ్చింది. మొదటి పేరా మార్చింది. సంచి తీయించుకోవడానికి వచ్చిన ఒక స్త్రీని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడి, పరీక్షలు చేసి, మాత్రలిచ్చి పంపిన సంగతి రాసింది. కింద నాకోసం ఒక ముక్క: “చిన్నమ్మా, ఇది లాగ్‌బుక్‌లో ఎక్కదు. చేసిన ఆపరేషన్లకే గడులుంటాయి, చేయనివాటికి లేవు.”

ఇంగ్లీషు తప్పులు రెండు దిద్దాను. ఆ పేరా మాత్రం ముట్టుకోలేదు.