పాలకమండలి లేని పట్టణము: నెహెమ్యా 5వ అధ్యాయము వెలుగులో ఒక విమర్శ

"పట్టణానికి రాజకీయములు అక్కరలేదు, సమర్థులైన అధికారులు ఉంటే చాలు" అనే మాట మన సంఘములలో తరచుగా వినబడుతుంది. పైకి నిష్పాక్షికముగా కనబడే ఈ మాట ఎవరి నోరు మూయిస్తుందో పరిశీలించుట అవసరము.

కాకినాడలో 2010లో పాలకమండలి గడువు ముగిసినది. 2017 ఆగస్టు వరకు తిరిగి ఎన్నికలు జరుగలేదు. ఆ మధ్యకాలములోనే, 2016 జనవరిలో, ఆ నగరము మొదటి 20 స్మార్ట్ సిటీలలో ఒకటిగా ఎంపికైనది. పనులు కంపెనీల చట్టము క్రింద ఏర్పడిన ప్రత్యేక సంస్థ చేతికి వెళ్ళినవి. ఏ పేటకు ముందుగా మురుగుకాలువ కావాలి అనేది నిజానికి న్యాయమునకు సంబంధించిన ప్రశ్న. అది సాంకేతిక ప్రశ్నగా మారినది. రాజమహేంద్రవరములో పాలకమండలి గడువు 2019లో ముగిసినది. 2021 మార్చిలో రాష్ట్రములోని 12 నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగినప్పుడు అది వాటిలో లేదు. గడువు ముగియకముందే ఎన్నికలు జరగాలన్నది 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ నియమము.

దీని ఫలితము 2023 డిసెంబరు 26న మొదలైన మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికుల సమ్మెలో కనబడినది. సమాన పనికి సమాన వేతనము, ఉద్యోగ భద్రత వారి కోరికలు. అప్పటికి ఈ రెండు నగరములలోను ఎన్నికైన పాలకమండలి లేదు. చర్చలు రాష్ట్ర మంత్రులతో జరిగినవి. ఊరివారికి మిగిలినది "చెత్త ఎప్పుడు తీస్తారు?" అనే ప్రశ్న. ఈ పని తరతరాలుగా దళితుల మీదనే ఎందుకు పడుతున్నది అని అడుగుటకు పట్టణములో వేదిక లేదు. రాజకీయము తొలగినంత మాత్రాన విభేదము తొలగదు. దానిని వినే చోటు మాత్రమే తొలగుతుంది.

వార్డు రాజకీయములలో లంచము, కులతత్వము ఉన్నవనే ఆక్షేపణ నిజమే. అయితే సభ చెడిపోతే సభను సరిదిద్దాలి గాని మూసివేయకూడదు.

నెహెమ్యా గ్రంథములోని గోడ కట్టుటను గూర్చి మనము ఉత్సాహముగా ప్రసంగిస్తాము. 5వ అధ్యాయమును తరచుగా దాటిపోతాము. పొలములు తాకట్టు పెట్టి, పిల్లలను దాస్యమునకు అప్పగించిన పేదల మొర ఆ గోడ పని మధ్యలోనే లేచినది. నెహెమ్యా ప్రజలు ఎన్నుకొన్నవాడు కాడు. పారసీక చక్రవర్తి నియమించిన అధికారి, ఒక విధముగా నేటి ప్రత్యేకాధికారి వంటివాడు. అయినను ఆ మొరను పనికి ఆటంకముగా ఎంచలేదు. మహాసభను సమకూర్చి, ప్రధానులను అందరి యెదుట నిలదీశాడు. తానును అప్పిచ్చినవారిలో ఒకడనని అక్కడే ఒప్పుకొన్నాడు.

పట్టణ క్షేమము కొరకు ప్రార్థించే కాపరి ఆ పట్టణములో సభ ఉన్నదా అని కూడ అడగాలి. సమ్మె శిబిరములో కూర్చున్నవారిలో మన సంఘస్థులున్నారు. ఆదివారము వారి కొరకు ప్రార్థించి, సోమవారము వారి ప్రశ్నను "రాజకీయము" అని త్రోసివేయుట నెహెమ్యా మార్గము కాదు.