మారుపేరు చాటున మరుగైనవాడు

నేను 35 సంవత్సరములు కచేరీలో ఉత్తరములకు డ్రాఫ్టులు వ్రాసితిని. సంతకము మాత్రము పై అధికారిది. అందుచేతనే కాబోలు, వాల్టర్ గిబ్సను చరిత్ర నాకు పరాయివాని కథగా తోచలేదు.

అమెరికాలో ముతక కాగితముపై అచ్చయి, పది సెంట్లకు అమ్ముడైన కథాపత్రికలను పల్ప్ పత్రికలనిరి. 1930లో స్ట్రీట్ అండ్ స్మిత్ సంస్థ తన అపరాధపరిశోధక పత్రిక ప్రచారమునకై రేడియోలో కథలు చెప్పించెను. కథ చెప్పు గొంతునకు 'షాడో' అని పేరు. శ్రోతలు అసలు పత్రికను విడిచి, షాడో పత్రిక యున్నదాయని అంగళ్లలో అడుగసాగిరి! లేని పత్రికను 1931లో పుట్టింపవలసివచ్చెను. వ్రాయుటకు ఇంద్రజాలికుడైన గిబ్సనును పిలిచిరి. అట్టపై మాత్రము మాక్స్‌వెల్ గ్రాంట్ అను కల్పిత నామము వేసిరి. 1949 వరకు వెలువడిన 325 నవలలలో 282 గిబ్సనువే.

ఇన్ని వ్రాసినవాని వ్రాతలో పొల్లు లేకుండునా? ఉన్నది. పాత్రలు కొయ్యబొమ్మలు, సంభాషణలు పొడిపొడి. అయినను ఒక విద్య ఆయనకు చక్కగా పట్టుబడినది. నాయకుని ఎక్కువగా చూపడు. తొలి నవలలో వంతెనపైనుండి దూకి చావబోయిన హ్యారీ విన్సెంటును ఒక చేయి వెనుకకు లాగును. ఇకమీదట ఆ ప్రాణము తనదని షాడో చెప్పును. అటుపిమ్మట మనము విన్సెంటు కన్నులతోనే చూతుము. గోడపై నీడ సాగును, చీకటిలో నవ్వు వినబడును, అంతే. గారడివాడు ఒక చేయి చూపి రెండవచేత పని కానిచ్చుకొనుట యిదియే.

ధనికుడు లామాంట్ క్రాన్‌స్టనే షాడోయని పాఠకులు నమ్మిరి. అది ఎరువు రూపమని, అసలువాడు కెంట్ అలార్డ్ అను వైమానికుడని 1937లో గిబ్సను బయటపెట్టెను. అదే యేట ఆర్సన్ వెల్స్ గొంతుతో వచ్చిన రేడియో నాటకములలో షాడో క్రాన్‌స్టనే! లోకమునకు ఆ గొంతే జ్ఞాపకమున్నది. కర్తయు మరుగాయెను, ఆయన నాయకుడును మరుగాయెను.

సంస్థకు మారుపేరు వలని లాభము స్పష్టమే. కుర్చీలో ఎవరు కూర్చున్నను పత్రిక ఆగదు. థియోడర్ టిన్‌స్లీ అదే పేరుతో 27 నవలలు వ్రాసెను. వానిలో రక్తపాతము హెచ్చు. పాఠకుడు పసికట్టినను అడుగుటకు వేరొక పేరు లేదు. మన డిటెక్టివు యుగంధరును తలచుకొనువారు కొమ్మూరి సాంబశివరావుగారినిగూడ తలచుకొందురు. అట్టపై ఆయన పేరే యుండెను గదా!

ఈ శతాబ్దపు పునర్ముద్రణముల అట్టలపై గ్రాంటు పేరుతోపాటు గిబ్సను పేరునుగూడ అచ్చువేసిరి. ఆయన 1985లోనే కాలముచేసెను.