వంకకు అడ్డం, నిధులకు దారి

అనంతపురం మెట్టల్లో వంకకు అడ్డంగా వేసిన రాతికట్టను చూసేటప్పుడు దాని నడుమ భాగం చూడాలి. కట్ట రెండు కొసలూ దరుల్లోకి కాస్త చొచ్చుకుపోయి ఉంటాయి. నీళ్లు దూకే వైపు పెద్ద బండలు, లోపల చిన్న రాళ్లు. పైభాగాన్ని సమంగా పేర్చరు. నడుమ పల్లంగా, దరుల దగ్గర ఎత్తుగా వదులుతారు. వంక ఎంత ఉరవడిగా వచ్చినా నడుమనుంచే దూకిపోవాలి. సమంగా పేరిస్తే నీరు దరిని కోసుకుని పక్కనుంచి పోతుంది, కట్ట మాత్రం చెక్కు చెదరకుండా నిలబడి వెక్కిరిస్తుంది. సిమెంటు వాడరు. వేగం తగ్గిన నీరు రాళ్ల సందుల్లోంచి తీరిగ్గా దిగుతుంది, మోసుకొచ్చిన ఎర్రమట్టి కట్ట వెనక ఉండిపోతుంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. అదీ కొన్ని రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. కాబట్టి పని గుట్ట నెత్తిన మొదలవ్వాలి: అక్కడ కందకాలు, కింద చేల గట్లు, వంకల్లో రాతికట్టలు, అన్నిటికీ దిగువన ఊట కుంట. ఈ వరస తప్పి కుంటే ముందు తవ్వితే కొద్ది వానలకే మట్టితో పూడిపోతుంది. అయినా అందరి మోజూ సిమెంటు చెక్‌డ్యామ్ మీదే. దానికైతే శిలాఫలకం వేయొచ్చు, గుట్ట మీది కందకానికి ఎక్కడ వేస్తారు?

ఇలాంటి పనులకు కరువు ప్రాంతాల పథకం 1973లోనే మొదలైంది. కానీ వ్యవసాయం, అటవీ వంటి శాఖలు దేని పని అది చేసుకుపోయేవి. తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక ఈ పద్ధతిని తిరగేసింది. 1995 ఏప్రిల్ నుంచి అమలైన మార్గదర్శకాలను ఒక ఇంజనీరింగ్ పనిగా చదవాలని నాకనిపిస్తుంది. సుమారు 500 హెక్టార్లు ఒక యూనిట్. ఊరివాళ్లతో వాటర్‌షెడ్ (ఒకే వంకలోకి నీరు పారే ప్రాంతం) సంఘం, అందులోంచి కమిటీ. ఆ కమిటీ ఖాతాలోకే నిధులు. వెన్నంటి ఉండడానికి వ్యవసాయం, ఇంజనీరింగ్, సామాజిక సేవ వంటివి తెలిసిన చిన్న బృందం. ఊరివాళ్లు తమ వాటా కలపాలి. ఆ సొమ్ముతో నిధి ఏర్పడి, పథకం ముగిశాక మరమ్మతులకు పనికొస్తుంది. ప్రభుత్వ పత్రం మరమ్మతును ముందే తలచుకోవడం అరుదు. ఎడారి అభివృద్ధి పథకం కిందికి కూడా వచ్చిన అనంతపురంలో ఆర్డీటీ, యాక్సియాన్ ఫ్రాటెర్నా వంటి స్వచ్ఛంద సంస్థలు అమలు బాధ్యత తీసుకున్నాయి.

ఈ కట్టడంలోనూ ఒక బీటుంది. పంచాయతీలకు అధికారమిచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అప్పుడే, 1993లో, అమల్లోకి వచ్చింది. ఎన్నికైన సర్పంచ్‌ను ఒక పక్కన కూర్చోబెట్టి, డబ్బున్న కమిటీని ఇంకో పక్క నిలబెట్టడంతో చాలాచోట్ల పేచీలు వచ్చాయి. 2003లో వచ్చిన ‘హరియాలీ’ మార్గదర్శకాలు మొత్తం పంచాయతీ చేతిలో పెట్టాయి. 2008 ఉమ్మడి మార్గదర్శకాలు మధ్యేమార్గం పట్టాయి: కమిటీని గ్రామసభ ఏర్పాటు చేస్తుంది, యూనిట్ 500 హెక్టార్ల నుంచి 1000–5000 హెక్టార్ల స్థాయికి పెరిగింది. మూడింటిలో నా ఓటు చివరిదానికే, యూనిట్ పెంపు సంగతి మినహా. 500 హెక్టార్లయితే గుట్ట నెత్తిన నిలబడి అంతా కంటితో చూడొచ్చు.

భూమిలేని వాళ్లకు మాత్రం దక్కింది చాలావరకు కూలి డబ్బులే. పైగా ఊరంతా కలిసి ఇంకించిన నీటిని బోరున్నవాడు తోడుకున్నాడు. ఈ రెండో చిక్కుకు అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఒక విరుగుడు చూపింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. వానాకాలం ముగిశాక అందరూ కూర్చుని రబీకి భూమిలో ఎంత నీరుందో, అనుకున్న పంటలు ఎంత తాగుతాయో లెక్కగట్టారు. వరి వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క చూసుకుని ఎవరి పంట వారే ఎంచుకున్నారు, చాలామంది నీరు తక్కువ తాగే పంటలకు మళ్లారు.