బోణీ నుంచి సెంచరీ దాకా: క్రీడావ్యాఖ్యాన పదాలు - వ్యవహార భాష

2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు ప్రసారాలు మొదలయ్యాయి. క్రీడావ్యాఖ్యాతలు తెలుగును ఇంగ్లీషుమయం చేస్తున్నారనే ఆక్షేపణకు కాలక్రమం అనుకూలంగా లేదు. సెంచరీ, డకౌట్, క్లీన్‌బౌల్డ్, హ్యాట్రిక్ వంటి మాటలు ఆకాశవాణి హిందీ, ఇంగ్లీషు వ్యాఖ్యానాల ద్వారా, పత్రికల క్రీడాపుటల ద్వారా అంతకు చాలా ముందే వ్యవహారంలో స్థిరపడ్డాయి. వాటిని ఎవరు తెచ్చారన్న చర్చకంటే, వచ్చాక అవి చేస్తున్న పని పరిశీలనార్హం.

2021 జూన్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు ధర 100 రూపాయలు దాటింది. 'పెట్రోలు సెంచరీ కొట్టింది' అన్న వాక్యంలో సంఖ్య మారలేదు, విలువ తలకిందులైంది. మైదానంలో ప్రశంస అయిన మాట బంకు దగ్గర ఎత్తిపొడుపు అయింది. అయితే ఈ చమత్కారంలో ఒక లోపం ఉంది. 'ధర పెంచారు' అన్నప్పుడు పెంచినవారు ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. 'సెంచరీ కొట్టింది' అన్నప్పుడు పెట్రోలే కర్త. పెంచినవారు వాక్యంలోంచి తప్పుకుంటారు. శీర్షికలు రాసేవారికి ఇది సౌకర్యమే, పాఠకునికి కాదు.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. అంగడిలో తొలి బేరమైన 'బోణీ' క్రీడాపుటలో తొలి గెలుపైంది. 'ఖాతా తెరవడం' బ్యాంకు నుంచి తొలి పరుగుకూ, అక్కడి నుంచి ఎన్నికల్లో తొలి స్థానానికీ చేరింది. ఆదానం గురించిన చర్చల్లో ఈ ఎదురు ప్రయాణానికి తగిన చోటు దక్కడం లేదు.

కబడ్డీ విషయం వేరు. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ 'డూ ఆర్ డై రైడ్'ను ప్రచారంలోకి తెచ్చింది. వరుసగా రెండు రైడ్‌లలో పాయింటు రాకపోతే మూడోదానిలో తేవాలి, లేదా ఆటగాడు ఔట్. తెలుగులో 'చావోరేవో' ముందే ఉంది కనుక ఇక్కడ పెద్ద నష్టం లేదు. నష్టమంతా 'కూత'కు 'రైడ్' ప్రత్యామ్నాయమైన చోట ఉంది. 'రైడ్' దాడిని మాత్రమే చెబుతుంది. 'కూత'లో గొంతు ఉంది, ఆపకూడని ఊపిరి ఉంది, అంటే ఆట నియమమే ఉంది. చెడుగుడు అన్న పేరు కూడా ఆ కూత ధ్వనే.

తెలుగుతోపాటు కోయ మాట్లాడే భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని చండ్రుగొండ వంటి మండలాలలో ఈ పదసేకరణ మొదలుకావాలి. బరిలో పెద్దలు వాడే మాటలనూ పిల్లలు వాడే మాటలనూ పక్కపక్కన నమోదు చేస్తే, 'కూత' ఏ వయసు దగ్గర ఆగిందో తెలుస్తుంది.