ఎడమవైపు ఖాళీ పేజీ

ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నీ పక్కనబెట్టి ఒక ప్రూఫు కట్ట ముందేసుకుని కూర్చున్నాను. 44 పేజీలు. కొల్లిపర మండలంలో ఏటి ఒడ్డు ఊరి కుర్రాడొకడు తెచ్చిచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా తెనాలి రైలెక్కి వచ్చి, చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, తన ఇంటిపేరు వాళ్ల చరిత్ర రాశాడు. "మాస్టారూ, మీ కాలమ్ చదివే మొదలుపెట్టాను. ముందుమాట మీరే రాయాలి" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

ఎప్పుడూ చదివేవాళ్లకి నా పాత పాట తెలిసిందే. ఫోటో వెనక పెన్సిలుతో పేర్లు రాయండి. దస్తావేజులు బీరువాలో పడేసి ఊరుకోకండి, చెక్కుబందీ చదవండి. తూర్పున ఫలానావారి పసుపు చేను, పడమర ఫలానావారి దొడ్డి అని రాసిన ఆ నాలుగు వరుసల్లోనే ఊరంతా ఉంటుంది. ప్రతి ఊరికీ ఒక చరిత్ర పుస్తకం ఉండాలి. నిర్ధారించుకోని పేరు ఒక్కటి కూడా అచ్చెక్కకూడదు. ఈ నాలుగో మాట ఎన్నిసార్లు రాశానో నాకే లెక్కలేదు.

కుర్రాడిని ఈ పనికి పురిగొల్పింది నా కాలమ్ ఒక్కటే కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. మన లంకలు మునిగాయి. అరటి, కంద, పసుపు పోతే పోయాయి, మళ్లీ వేసుకోవచ్చు. ఆ కుర్రాడి ఇంట్లో అటక మీదికి ఎక్కించడం మరిచిపోయిన ట్రంకుపెట్టె ఒకటి మూడు రోజులు నీళ్లలో నానింది. అతను ఫోన్ చేస్తే నేను చెప్పిందల్లా ఒకటే: అంటుకున్న ఫోటోల్ని ఎండలో పెట్టొద్దు, ఎండనిచ్చి ఊడదీయొద్దు; శుభ్రమైన చల్లటి నీళ్లలో వేసి, అవంతట అవి విడిపోయేదాకా ఆగి, నీడన బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టు. పన్నెండు బతికాయి. పన్నెండింటిలో తొమ్మిదింటిలో ఉన్నదెవరో చెప్పేవాళ్లు లేరు. పుస్తకం అక్కడ మొదలైంది.

సరే, ప్రూఫు తెరిచాను. రెండో పేజీలో వంశవృక్షం, ఆరు తరాలు. చక్కటి గీతలు, చక్కటి పెట్టెలు. పెట్టెలు లెక్కపెట్టాను. మగవాళ్లు 131 మంది. పేరున్న ఆడవాళ్లు 22 మంది. తక్కిన ఆడవాళ్ల పెట్టెల్లో 'భార్య' అని ఉంది, కొన్నింట్లో అదీ లేదు, గీత. ఆడపిల్లల దగ్గరైతే కొమ్మే ఆగిపోయింది. నాలుగో తరంలో ఒక కొమ్మ పక్కన 'కర్ణాటక వెళ్లారు' అని రాసి, ఆ చెట్టు అక్కడికి నరికేశాడు.

ఈ గీతల మీద నాకు ఎప్పటినుంచో కోపం ఉంది. 2016 పుష్కరాల్లో మా రేవులో నా పక్కనే కూర్చున్న పెద్దాయన్ని పురోహితుడు తల్లి పేరు అడిగాడు, చెప్పాడు. నాయనమ్మ పేరు అడిగాడు, కాస్త ఆలోచించి చెప్పాడు. ఆవిడ అత్తగారి పేరు అడిగాడు. ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, వాళ్ల ఎకరాలు గడగడా చెప్పగలిగిన మనిషి. చేతిలో నువ్వులూ నీళ్లూ వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి. పక్కనున్న నన్ను కూడా తరవాత అదే అడిగారు. నాకూ తెలియలేదు.

ఇది మన తరం మరుపేమీ కాదు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో దొరికిన రాతి పేటికల మీద అక్షరాలున్నాయి, రెండువేల ఏళ్లకు పైబడినవి. లిపి గురించి మనవాళ్లు చాలా రాశారు, తెలుగు లిపి పుట్టుకను అక్కడినుంచే చెబుతారు. నన్ను పట్టుకున్నది లిపి కాదు. ఒక పేటికను ఇచ్చినవాళ్ల పేర్లు: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. అంతే. బుద్ధుడి ధాతువుకు రాతి పెట్టె, స్ఫటికపు భరిణ చేయించిన దంపతులు తమ పేర్లు చెక్కించుకోలేదు, కొడుకు పేరుతో నిలబడ్డారు. 'అబ్బాయి నాన్న', 'అబ్బాయి అమ్మ' అని ఇవాళ్టికీ మన అరుగుల మీద పిలుచుకునే పిలుపే ఇది. అక్కడే మరో పేటిక మీద గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి, మగవాళ్లవి. ఒక స్ఫటికం మీద దాతలు 'నందపురం స్త్రీలు'. ఎంతమందో లేదు, ఎవరెవరో లేదు.

రాయి మీద చెక్కినా అంతే, కాగితం మీద రాసినా అంతే. పల్లె చరిత్రలు పోగుచేయించిన మెకంజీ దొర కింద పనిచేసిన కావలి సోదరులు, మన ఏలూరువాళ్లు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఊరూరా సేకరించే ఏర్పాటు చేయకపోతే గుంటూరు సీమ పల్లెల పూర్వకథలు మనకు దక్కేవే కావు. బొర్రయ్య 1803లో ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడు, ఆ తరవాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నడిపాడు. బ్రౌన్ దొర చెదలుపట్టేవాటికి నకళ్లు రాయించాడు. వాళ్ల రుణం తీరేది కాదు. కాని ఆ పూర్వకథల్ని, అంటే కైఫియత్తుల్ని, చదవండి. ఊరి కథ చెప్పింది ఎక్కువగా కరణం. అందుకే మన జిల్లా కైఫియత్తుల్లో గోపరాజు రామన్నగారు కరణీకపు మిరాశీలు ఎవరెవరికి పంచారన్నది అంత వివరంగా ఉంటుంది. గుడి మాన్యం ఉంటుంది, అగ్రహారం ఉంటుంది. రెల్లు కొట్టి లంకను సాగులోకి తెచ్చినవాళ్లు, కట్టలు పోసినవాళ్లు, చెరువు తవ్వినవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు ఉండరు. 1984లో కరణీకాలు పోయాక ఆ దఫ్తరాలు ఎక్కడెక్కడ చెదిరాయో చూసినవాణ్ని, అవీ పోగొట్టుకోకూడదనే అంటాను. కాని అందులో ఉన్నది భూమి జ్ఞాపకం. మనిషి జ్ఞాపకం వేరు.

ఇదంతా తల్చుకుంటూ ముందుమాటకు బదులు అతనికి ఒక ఉత్తరం రాశాను. "నాయనా, ఇది ఇప్పుడే అచ్చు వేయకు. తప్పులున్నాయి, ఖాళీలున్నాయి. అచ్చయిన తప్పు వందేళ్లు బతుకుతుంది. రెండేళ్లు ఆగు. ఆ ఖాళీలు నింపు, తరవాత వేయి" అని. రాసి కవరు అంటించి కూడా, పోస్టు చెయ్యకుండా నేనే పట్టుకెళ్లాను. అతని నాయనమ్మను చూసినట్టూ ఉంటుందని.

ఆవిడకు ఎనభై దాటాయి. కరకట్ట కింద ఇల్లు. గడప దాటి బయటికి రావడం లేదు, చూపు మాత్రం గట్టిది. కుర్రాడు ఏడాదిగా అడుగుతుంటే ఆవిడ ఒకటే మాట: "నాకేం తెలుసు నాయనా, మీ తాత ఉంటే చెప్పేవాడు." నేను అడిగినా అదే. అప్పుడు కుర్రాడు, మాట మార్చడానికే అనుకుంటాను, వంశవృక్షం పేజీ తీసి ఆవిడ ఒళ్లో పెట్టి, "ఇదిగో నాయనమ్మా, ఇది నువ్వు" అని వేలుపెట్టి చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. కాసేపు చూసింది.

"ఇది తప్పు" అంది.

తన పెట్టె కాదు, దాని పైన పెట్టె. అత్తగారిది. అక్కడ ఒక పేరుంది. "ఇది మా అత్త పేరు కాదు, రెండో ఆవిడ. మా అత్త మొదటి ఆవిడ. గాలివాన ఏడు కాదు, దానికి ముందు, పురుట్లో పోయింది. మీ తాతను కన్నది ఆవిడే. ఈ పేరు ఎవరు చెప్పారు నీకు?" ఇక ఆగలేదు. మూడో తరంలో ఇద్దరు అన్నదమ్ముల్ని తారుమారు చేశాడని చెప్పింది. గీత పెట్టిన చోటల్లా ఎవరో చెప్పింది: ఒకామె మున్నంగి పిల్ల, ఒకామె దావులూరు నుంచి వచ్చింది, ఒకామెకు మాటలు రావు, కాని పసుపు ఉడకబెట్టే బాన దగ్గర ఆవిడ చెయ్యి పడితేనే పాకం కుదిరేదట. లంకలోకి మొదటిసారి నాటు పడవలో విత్తనపు పసుపు దాటించినప్పుడు తెడ్డు పట్టింది మగవాళ్లు కాదు, ఫలానా వదిన అని చెప్పింది. ఏడాది పాటు 'నాకేం తెలుసు' అన్న మనిషి రెండు గంటలు చెప్పింది. పొద్దు వాలాక కూడా, "ఆ కర్ణాటక వెళ్లినవాళ్లను ఇలా వదిలేశావేం?" అని మనవడిని కోప్పడింది.

ఆ కోప్పడటం న్యాయమే. 1931లో నిజాంసాగర్ కింద నీళ్లు వస్తే బోధన్, వర్ని వైపు, 1953 తరవాత తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు వైపు మన డెల్టా కుటుంబాలు ఎన్ని వెళ్లాయో. క్యాంపులని పేర్లు పెట్టుకుని ముళ్ల కంపలు కొట్టి మడులు చేసుకున్నారు. ఒకసారి గంగావతి దగ్గర శ్రీరామనగర్‌లో రెండు రోజులున్నాను. ఇక్కడ మనం మరిచిపోయిన చేల పేర్లు, కాలవ తూముల పేర్లు, కొట్టేసిన రావిచెట్టు ఎక్కడుండేదన్నదీ అక్కడి పెద్దవాళ్లు పొల్లుపోకుండా చెబుతారు. ఉన్నవాళ్లకు ఊరు రోజూ మారుతుంది. వెళ్లినవాళ్లకు వదిలిపెట్టిన రోజు ఉన్నట్టే ఉండిపోతుంది.

ఆ రెండు గంటలూ నాకు ఇంకో గొంతు వినిపిస్తూనే ఉంది. మా అమ్మమ్మది. కొత్తగా టేపురికార్డరు కొన్నప్పుడు ఆవిడ ముందు పెట్టాను. మంచి ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. తాతయ్య ఈ ఊరు ఎలా వచ్చాడు? భూమి ఎప్పుడు కొన్నాడు? ఉప్పెన నాడు ఏం చేశాడు? ప్రతిదానికీ రెండు ముక్కల్లో జవాబు. చివర్లో నేను, "అంటే మీరు రేపల్లె నుంచి తెనాలి మీదుగా బండి కట్టుకుని వచ్చారన్నమాట" అని నా అంతట నేనే తేల్చేశాను. "బండా? బండెక్కడిది? నేను నడిచొచ్చాను. చంకలో మీ అమ్మ" అంది. నేను "సరే అమ్మమ్మా" అని మీట నొక్కి ఆపేశాను. నాకు కావలసినవన్నీ అడిగేశానని. ఆ టేపు ఇప్పటికీ ఉంది. ఆ మాట తరవాత ఖటుక్కున చప్పుడు, ఆ తరవాత ఏమీ లేదు. ఎంత దూరం నడిచింది, ఎందుకు నడిచింది, తోడెవరు, దారిలో ఎక్కడ పడుకుంది? తెరుచుకున్న తలుపును నా చేత్తో నేనే మూశాను. నా తప్పు మాట విన్నాకే ఆవిడ నోరు విప్పిందని అప్పుడు నాకు తట్టలేదు. ఇన్నేళ్ల తరవాత ఆ కరకట్ట కింద ఇంట్లో తట్టింది.

మనవాళ్లు, ముఖ్యంగా మన ఆడవాళ్లు, 'చెప్పు' అంటే చెప్పరు. తమ బతుకు చెప్పుకోదగ్గదని ఎవరూ వాళ్లతో అనలేదు. కాని కళ్ల ముందు తమవాళ్ల గురించి తప్పు కనిపిస్తే ఊరుకోరు. దిద్దడం వాళ్లకు అలవాటైన పని. వండిన కూరలో ఉప్పు చెప్పినట్టు చెబుతారు.

అంటించిన కవరు జేబులోంచి తియ్యకుండానే తిరిగొచ్చాను. ఆ రాత్రి ముందుమాట రాశాను. నిర్ధారించుకోని పేరు అచ్చెక్కకూడదని ఇన్నేళ్లుగా ఈ చోట రాసిన మాటను ఈ ఒక్క రకం పుస్తకం వరకు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కుర్రాడికి చెప్పింది ఇది: తెలిసినంతవరకు సరిచేసి, తెలియనిది తెలియనట్టే వదిలి, వేసెయ్. రెండేళ్లు ఆగితే మీ నాయనమ్మ ఆగుతుందా? కాని కుడి పేజీల మీదే అచ్చు వేయి. ఎడమ పేజీలన్నీ ఖాళీగా వదిలెయ్. నిగనిగలాడే కాగితం వద్దు, దాని మీద పెన్సిలు పడదు. 'భార్య' అన్న మాట ఎక్కడా ఉండకూడదు. పేరు తెలియకపోతే గీత కూడా పెట్టకు, పేరు పట్టేంత చోటు వదులు. లంక సాగులో మీతోపాటు ఉన్న కూలివాళ్ల ఇళ్లకు కూడా కాపీ ఇవ్వు, వాళ్ల పేజీలు వాళ్లు రాస్తారు.

పుస్తకం సంక్రాంతికి వస్తుంది. 150 కాపీలు. ఇరవై గంగావతి వెళ్తాయి. ఒకటి వేటపాలెం సారస్వత నికేతనానికి ఇస్తానన్నాడు. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలు ఎంత పదిలంగా ఉన్నాయో చూసినవాళ్లకు అక్కడికే ఎందుకో చెప్పక్కర్లేదు. ప్రతి కాపీకి ఒక చిన్న పెన్సిలు, పురికొసతో కట్టి. ఈ ఆలోచన మాత్రం కుర్రాడిదే.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. నాయనమ్మ మళ్లీ ప్రూఫు అడిగిందట, రెండో పేజీ కోసం. తన పెట్టెలో పేరు కూడా తప్పేనట. రేషను కార్డులో ఉన్నది చూసి వేశాడు పాపం. అది అత్తవారింట మార్చిన పేరు. పుట్టింటివాళ్లు పెట్టినది వేరే ఉందట. అరవై ఏళ్లకు పైగా ఆ పేరుతో ఎవరూ పిలవలేదట. పెన్సిలు తీసుకుని ఆవిడే రాసింది.