మాట మెత్తబడిన వారం

రొయ్యల షెడ్లలో, శీతల గిడ్డంగుల్లో కరెంటు ప్యానెళ్లు బిగించే పని నాది. ఏలూరు నుంచి కొల్లేరు దాటి కైకలూరు, ఆకివీడు వరకూ, ఇటు తాడేపల్లిగూడెం వరకూ తిరుగుతుంటాను. వైరింగు నేర్పే మేస్త్రీలు మాకు చాలామంది ఉన్నారు గానీ బాకీ వసూలు చేయడం నేర్పేవాళ్లు లేరు. నన్నడిగితే రెండో పనికీ మొదటి దానికి కావలసినంత నేర్పు కావాలి.

కంపెనీ మునగబోతున్న సంగతి లెక్కల పుస్తకం కంటే ముందు మనుషుల గొంతు చెబుతుంది. వ్యాపారం బాగా నడిచే రోజుల్లో అకౌంటెంటు కసురుతాడు. బిల్లులో కోడు తప్పుందనీ, జీఎస్టీ నంబరు మళ్లీ చూసుకోమనీ తిప్పి పంపుతాడు. డబ్బు లేని రోజుల్లో అదే మనిషి కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడు. “మీది ఎక్కడికీ పోదండీ, ఎగుమతి డబ్బు రాగానే మొదటి చెక్కు మీకే” అంటాడు. ఆ వారంలోనే ఐసు సరఫరా చేసేవాడు నగదు అడగడం మొదలుపెడతాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఇలాంటి మెత్తని మాటలు మా వైపు చాలా విన్నాం.

ఆ మాట విన్న వారంలోనే కాగితం రాయించుకోవాలి. కంపెనీ లెటర్‌హెడ్ మీద బిల్లు నంబర్లు, తేదీలు, ఇవ్వవలసిన మొత్తం, కింద సంతకం, ముద్ర. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి దావా వేయడానికి మూడేళ్లే గడువు. ఆ గడువు లోపల బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ సంతకం చేసి ఇస్తే, ఆ రోజు నుంచి మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. నోటిమాటకు ఆ బలం లేదు. ఇంకో లాభం కూడా ఉంది. డబ్బు అడిగినప్పుడు కంపెనీలు మొదట పట్టుకునే సాకు “పని సరిగా చేయలేదు” అన్నది. బాకీ ఇంత అని తానే రాసిచ్చిన కంపెనీకి ఆ సాకు అంత సులువుగా దొరకదు.

మావాళ్లకు అడ్డొచ్చేది మొహమాటం. మన ఊరివాడే, మన బావగారి స్నేహితుడే, కాగితం అడిగితే ఏమనుకుంటాడోనని ఆగిపోతారు. నాకు బాకీ పడిన ఒక కంపెనీలో (పేరు రాయను) మేనేజరు మంచివాడు. “సంతకానికేముందండీ, ఉన్నమాటే కదా” అంటూ పెట్టిచ్చాడు. నాలుగు నెలలకు గేటుకు తాళం పడింది. నాకంటే పెద్ద మొత్తాలు రావలసినవాళ్ల దగ్గర ఆయన మాటలు తప్ప ఏమీ లేవు. నాకు మొత్తం రాలేదు గానీ, వచ్చినంతా ఆ కాగితం వల్లే వచ్చింది.

కంపెనీ ఇంకా ఊపిరితో ఉన్నప్పుడు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టాన్ని మించిన ఆయుధం చిన్నవాడికి లేదు. సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్‌లో నమోదైనవాడికి, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆ గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు; 2017లో దీనికోసం సమాధాన్ పోర్టల్ తెచ్చారు. కౌన్సిల్ తీర్పును సవాలు చేయదలిస్తే కొన్నవాడు ముందుగా 75 శాతం సొమ్ము కోర్టులో కట్టాలి. ఆ నమోదు మాత్రం పని మొదలుపెట్టక ముందే చేయించుకోవాలి. తర్వాత చేయించుకుంటే పాత బిల్లులకు వర్తించదన్న తీర్పులున్నాయి.

చెక్కు తిరిగి వస్తే తేదీలు చూసుకోవాలి. బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, వాళ్లకు 15 రోజుల గడువు, ఆ తర్వాత నెల లోపల ఫిర్యాదు. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లాక దాని మీద కేసు ఆగుతుంది గానీ, చెక్కు మీద సంతకం చేసిన డైరెక్టరు మీద ఆగదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతి తెలిసినవాళ్లు మా వర్గంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు.

ఇక దివాలా. మనకు దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. 2013లో పోలవరం ప్రాజెక్టు హెడ్‌వర్క్స్ పని దక్కించుకున్న ట్రాన్స్‌స్ట్రాయ్ మీద 2018లో హైదరాబాద్ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో దివాలా ప్రక్రియ మొదలైంది. అంత పెద్ద పని కింద లారీలవాళ్లూ పొక్లెయిన్లవాళ్లూ ఎందరు ఉంటారో గోదావరి జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు. మనంతట మనం కంపెనీని దివాలా కోర్టుకు లాగాలంటే బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి. 2020 మార్చిలో లక్ష నుంచి కోటికి పెంచారు. చిన్నవాళ్ల తలుపు మూసేసిన నిర్ణయం అది. నా మనసు దాన్ని నేటికీ ఒప్పుకోదు. కాబట్టి బ్యాంకు ఎప్పుడు వెళ్తుందా అని చూస్తూ ఉండాలి. వెళ్లిన తర్వాత ట్రిబ్యునల్ నియమించిన తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఇంగ్లిష్ పేపరుతోపాటు స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన వేస్తాడు. అందులో క్లెయిము చివరి తేదీ ఉంటుంది. 14 రోజులే ఇస్తారు. ఆలస్యమైనా ప్రక్రియ మొదలైన రోజు నుంచి కనీసం 90 రోజుల వరకు పెట్టుకోవచ్చు. మనకు వర్తించేది ఫారం బీ.

కంపెనీ ఆస్తులు అమ్మేసే లిక్విడేషన్‌కు వెళ్తే డబ్బు పంచే వరుసలో మనం చాలా వెనక. ప్రక్రియ ఖర్చులు, కార్మికుల బకాయిలు, తాకట్టు ఉన్న బ్యాంకులు, ఉద్యోగుల జీతాలు, ఆపైన ప్రభుత్వం, అన్నీ అయ్యాక మన వంతు. అందుకే తాడేపల్లిగూడెంలో డీజిల్ జనరేటర్లు బాగుచేసే ఒక తమ్ముడు మొన్న అడిగాడు: “ఎనభై వేలకు ఫారాలు నింపడం ఎందుకన్నా, వచ్చేదేమైనా ఉందా?”

నింపమన్నాను. ఎవరైనా కంపెనీని తీసుకుంటే, లిక్విడేషన్‌లో మనకు దక్కేదానికి తగ్గకుండా వాళ్ల పరిష్కార ప్రణాళికలో మనకు పెట్టాలి. ఆ సొమ్ము బ్యాంకుల కంటే ముందు చెల్లించాలి. ఆ ప్రణాళిక ఆమోదం పొందిన తర్వాత అందులో లేని పాత బాకీలు రద్దయినట్టేనని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. అతను ఆ సాయంత్రమే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, పాత సంతకం కాగితం కలిపి పంపాడు. క్లెయిము అందినట్టు వచ్చిన మెయిల్‌ను కూడా దాచుకోమని చెప్పాను.